మూడో బద్ద

తేమ మీటరు ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగి ఉంది. ఫుసాయె పెదవి విరిచి, రెండో డబ్బా నీళ్ళు కూడా తేమ యంత్రంలో ఒంపింది. ఫిబ్రవరి నెలలో, కొండల నడుమ ఉన్న ఆ మత్సుమోతో ఊరి గాలికి దాహం ఎక్కువ. మనిషి పెదవుల్లో, వేళ్ళ సందుల్లో, చెక్క నరాల్లో, ఎక్కడ చెమ్మ దొరికితే అక్కడ పీల్చుకుంటుంది. ముల్లు నలభై ఐదు దాటేదాకా ఆమె ఏ గిటారునూ బల్లమీదికి ఎక్కించదు.

ఆలోగా తను సిద్ధమవుతుంది. పెళ్ళి ఉంగరం తీసి టీ సాసరులో పెట్టింది. చేతిగడియారం దాని పక్కన. గుండీలు లేకుండా వీపు వెనక నాడాలతో ముడివేసుకునే ఏప్రాన్ కట్టుకుంది. గుండీ అంటే గీత, గీత అంటే మళ్ళీ వార్నిష్ గది, మళ్ళీ మూడు వారాలు. ఎవరూ చెప్పకపోయినా ముప్పై అయిదేళ్ళుగా ఇదే వరస. ఆ ఇరవైముగ్గురు పనివాళ్ళ గిటార్ల ఫ్యాక్టరీలో ఆమెది చిట్టచివరి గది. ఉత్తరం వైపు ఒకే కిటికీ, దుప్పటి పరిచిన బల్ల, ఆ బల్లమీద రెండు కాగితాల కట్టలు. తెల్లచీటీ అయితే గిటారు పెట్టెలోకి వెళుతుంది. ఎర్రచీటీ అయితే వెనక్కి వెళుతుంది.

ముల్లు నలభై ఆరుకి వచ్చింది. మొదటి గిటారును ఒళ్ళోకి తీసుకుంది.

ముందు మెడ. తుపాకి గురిచూసినట్టు ఒక కన్ను మూసి, మెడ చివరనుంచి కిందికి చూసింది. తీగల కింద సన్నని వంపు, అన్నం మెతుకు మందం కూడా ఉండదు. ఉండవలసినంతే ఉంది. తర్వాత మెట్లు. వాటి అంచుల వెంబడి పాత పట్టు మేజోడు ముక్క జార్చింది. ఎక్కడైనా గరుకుంటే పట్టు పోగు పీకుతుంది. పీకలేదు. తర్వాత బిరడాలు ఒక్కొక్కటే తిప్పి శ్రుతి చేసి, ఆరు తీగలమీదా ఇరవై మెట్లూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి మీటింది. నూట ఇరవై స్వరాలు. అందులో పాట లేదు. రోజుకి అయిదు గిటార్ల చొప్పున ఆమె మీటిన స్వరాలన్నీ పేర్చుకుంటూ పోతే ఈ ఊరినుంచి సముద్రందాకా వస్తాయేమోగాని, ఫుసాయెకి ఒక్క పాట కూడా వాయించడం రాదు. ఎవరూ నేర్పలేదు. ఆమె అడగలేదు.

తెల్లచీటీ మీద తేదీ వేసి, తన ముద్ర కొట్టి, పెట్టెలో చిన్న కరపత్రం పెట్టింది. "కొత్త గిటారును హీటరు పక్కన ఉంచకండి. చలిలోంచి ఇంటికి తెచ్చాక పెట్టె వెంటనే తెరవకండి. పెట్టె గదికి అలవాటు పడాలి, గిటారు పెట్టెకి అలవాటు పడాలి. మొదటి ఏడాది అది ఇంకా చెట్టుననే అనుకుంటుంది. తొందరపెట్టకండి." ఇరవై ఏళ్ళ కిందట ఫుసాయె రాసిన మాటలే అవి. కింద పేరు లేదు. ఒకసారి ఒసాకానుంచి ఎవరో పెద్దాయన ఉత్తరం రాశాడు. "ఈ కాగితం రాసిన చేతులకు నమస్కారం" అని. ఉత్తరం మీద చిరునామా: ఒగుచి సుమి గారికి. ఆయన కొన్న గిటారు లోపల అంటించిన చీటీ మీద ఉన్న పేరు అదే.

సుమి ఆమె చెల్లెలు.

ఆ ఉత్తరాన్ని ఫుసాయే తీసుకువెళ్ళి చెల్లెలికి ఇచ్చింది. సుమి చదివి పకపకా నవ్వింది. "నేనేం రాశానక్కా? నాకు ఉప్పు పొట్లం మీద రాయడం కూడా రాదు" అంది. జవాబు మాత్రం రాయలేదు. ఫుసాయె కూడా రాయలేదు. ఎవరికి వచ్చిన నమస్కారమో తేలకుండానే ఆ ఉత్తరం ఎటో పోయింది. పోయినా, ఆరేళ్ళుగా అది ఫుసాయె గుండెలో చేపముల్లులా అడ్డంపడే ఉంది.

తలుపు తోసుకుని వార్నిష్ గది మొమొసె వచ్చాడు. అరవై ఆరేళ్ళ మనిషి. పదవీ విరమణ అయ్యాక కూడా ఇంట్లో కూర్చోలేక వచ్చేవాడు. రెండు చేతుల్లో గిటారును కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు.

"ఇదుగోనమ్మా ఫుసాయె, మీ చెల్లెలొచ్చింది. లేచి నుంచో."

ఫుసాయె లేవలేదు. "ఇదా ఆఖరిది?"

"ఆఖరిదని ఎందుకంటావ్, నోట్లో మంచిమాట రాదా నీకు? సెప్టెంబరులో పైపలక చేసి పెట్టి ఆసుపత్రికి పోయింది. మిగతాది మేం కట్టాం. వార్నిష్ నేనే వేశాను, పదకొండు పూతలు. దీనికి నువ్వు ఎర్రచీటీ ఇచ్చావంటే మీ ఇంటి గుమ్మంలో చచ్చిపోతాను."

"మా గుమ్మంలో వద్దు. మంచు ఊడవడమే పెద్ద పనైపోయింది."

మొమొసె నవ్వి, వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగాడు. "ఎలా ఉంది సుమి?"

ఆ మాట అడగని మనిషి లేడు ఆ ఉదయం. గేటు దగ్గర కావలివాడు అడిగాడు. టీ కాచే ఆవిడ అడిగింది. మెడలు చెక్కే కుర్రాళ్ళిద్దరూ టోపీలు తీసి అడిగారు. శరదృతువునుంచీ ప్రతి ఉదయం అడుగుతూనే ఉన్నారు. ఫుసాయె మోకాలికి డిసెంబరులో నీరు పట్టి, రెండు వారాలు కుంటుకుంటూ వచ్చింది. ఒక్కళ్ళూ అడగలేదు. అందరికీ జవాబు ఒకటే చెప్పింది: "అలాగే ఉంది." ఇప్పుడూ అదే చెప్పింది.

మొమొసె వెళ్ళాక గిటారు వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. పైపలక లేత తేనె రంగులో, నరాలు దువ్వినట్టు తిన్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. పుట్టుకతోనే కొందరికి అన్నీ కుదురుతాయి, ఏం చేస్తాం?

సుమిని ఈ ఫ్యాక్టరీకి తెచ్చింది తనే. అప్పుడు సుమికి పదిహేడు. చదువు మానేసి, ఇంట్లో అమ్మతో రోజూ గొడవపడుతూ, అడుగున కుంపటి ఉండే కొటాత్సు బల్ల దుప్పట్లో కాళ్ళు దూర్చుకుని పడుకునేది. "దీన్ని ఎక్కడైనా పనిలో పెట్టవే తల్లీ" అని అమ్మ ఏడిస్తే, ఫుసాయె పాత డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడి చెక్కలు రుద్దే గదిలో చేర్పించింది. తను అప్పటికి అయిదేళ్ళుగా ఆ గదిలో రుద్దుతోంది. తనకి ఆ ముందు గది కావాలి. పలకలు పలచన చేసి, కింద బద్దలు అతికించి, వేలితో తట్టి వింటూ గొంతు తెప్పించే గది. అడిగిన ప్రతిసారీ పాత డైరెక్టరు "చూద్దాంలే" అనేవాడు.

ఒకరోజు ఆయన రెండు స్ప్రూస్ చెక్క పలకలు పట్టుకుని రుద్దే గదిలోకి వచ్చాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తట్టి, "ఏది మంచిది?" అని అందరినీ అడిగాడు. ఫుసాయె రెండూ పట్టుకుంది. నరాలు లెక్కపెట్టింది. బరువు చూసింది. తట్టింది, మళ్ళీ తట్టింది. ఎంతసేపో ఆలోచించి కుడిదని చెప్పింది. సుమి మూలన గోనెసంచి మీద కూర్చుని బియ్యప్పిండి బిస్కట్టు నములుతోంది. తల కూడా ఎత్తలేదు. "ఎడమది. కుడిది నిద్రపోతోంది" అంది.

నాలుగో రోజున సుమి ముందు గదికి వెళ్ళింది. ఫుసాయెని పాత డైరెక్టరు పిలిచి, టీ పోసి, "నీ కన్ను గొప్పది. నువ్వు తప్పులు పట్టు" అన్నాడు.

అప్పటినుంచీ పడుతోంది. ఇంట్లో మొగుడు ఏజీ కూడా మీసో పులుసు గిన్నె ముందు చేతులు కట్టుకుని, "తెలుపా, ఎరుపా?" అని వెక్కిరిస్తాడు. ఆ ముప్పై అయిదేళ్ళలో సుమి గిటార్లు పందొమ్మిది వందల పైచిలుకు ఆమె బల్లమీదికి వచ్చాయి. ప్రతిదాన్నీ మిగతావాటికంటే రెట్టింపుసేపు చూసింది. అద్దంతో చూసింది, దీపంతో చూసింది, ఊపిరి బిగబట్టి విన్నది. పందొమ్మిది వందల తెల్లచీటీలు రాసింది. ఒక్కొక్క తెల్లచీటీనీ కాగితం చిరిగేంతగా కలం నొక్కి రాసేది. పేపరువాళ్ళు ఒకసారి వచ్చి అక్కచెల్లెళ్ళిద్దరినీ కలిపి ఫోటో తీశారు. అచ్చులో సుమి ఒక్కతే ఉంది. పక్కన నీలం ఏప్రాన్ కట్టుకున్న ఎవరిదో మోచెయ్యి. అమ్మ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, పోయేదాకా రోజూ చూసుకుంది. ఆ మోచెయ్యి ఎవరిదని ఒక్కసారైనా అనలేదు.

ఫుసాయె గిటారును ఒళ్ళోకి తీసుకుంది. మెడ బాగుంది. మెట్లు బాగున్నాయి. నూట ఇరవై స్వరాలూ మీటింది. ఎక్కడా నలత లేదు. ఇంకేం, ఎప్పటిలాగే. తీగలమీద అరచెయ్యి ఆనించి నోరు మూయించి, వేలి కణుపుతో పైపలకను తట్టడం మొదలుపెట్టింది. గుండ్రటి రంధ్రం పక్కన. తీగలు కట్టే గుర్రానికి అటు. గుర్రానికి ఇటు. గిటారు కింది అంచున, తోక వైపు, లావు తీగల పక్క...

వేలు ఆగింది.

మళ్ళీ తట్టింది. గది అవతల తేమ యంత్రం బుసకొడుతోంది. లేచి దాన్ని ఆపి వచ్చి మళ్ళీ తట్టింది. మంచి గొంతే. గుండెలోతులోంచి వచ్చే గొంతే. కాని దాని తోకన, ఎండిన ఆకు మీద చీమ నడిచినంత చిన్న చప్పుడు.

తీగలు వదులు చేసింది. రంధ్రంలోంచి చిన్న దీపం దించి, పళ్ళ డాక్టరు అద్దంలాంటి అద్దం లోపలికి పంపింది. పైపలక కింద బద్దలు విసనకర్ర పుల్లల్లా పరుచుకుని ఉన్నాయి. పలచటి కాగితం ముక్క తీసుకుని, చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చి, బద్దల కొసలు వరసగా తడిమింది. మొదటిదాని కింద కాగితం దూరలేదు. రెండోదాని కింద దూరలేదు. మూడోదాని కింద గోరు లోతున జారిపోయింది.

బద్ద అంటుకోలేదు. సుమి అతికించిన బద్ద.

ఫుసాయె చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నవ్వు వచ్చింది. పెదవులు బిగించినా ఆగలేదు. ఒంటరిగా, కిటికీకేసి తిరిగి, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వింది. చెల్లెలు అక్కడ ఆసుపత్రిలో ఎముకల గూడై పడి ఉంటే తనిక్కడ నవ్వుతోందని తెలుసు. తెలిసే నవ్వింది. తర్వాత ఎర్రచీటీ తీసుకుని, ఎప్పుడూ లేనంత గుండ్రటి అక్షరాలతో రాసింది: "పైపలక, లావు తీగల వైపు, మూడో బద్ద, కొస లేచింది."

సంగతి విని డైరెక్టరు కామిజో వచ్చాడు. పాత డైరెక్టరు కొడుకు. ఫుసాయె కంటే పదేళ్ళు చిన్న. గిటారును తనూ తట్టి చూశాడు.

"నాకేం వినిపించట్లేదే, ఫుసాయె గారూ."

"నాకు వినిపిస్తోంది."

"ఎప్పటికైనా బయటపడే లోపమేనా అది?"

"ఈ ఏడు పడకపోవచ్చు. వచ్చే ఏడు చలికాలం, చెక్క బిగిసినప్పుడు పడుతుంది."

ఆయన మెడ రుద్దుకున్నాడు. "దీన్ని ఆర్డరిచ్చిన కనజావా మేష్టారు రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. సుమి గారి చేతిదే కావాలన్నారు. ఎర్రచీటీ అంటే ఎవరు చేసింది వాళ్ళే బాగుచెయ్యాలి. ఇంకో చెయ్యి పడితే లోపలి పేరు చీటీ తీసెయ్యాలి. మా నాన్న పెట్టిన రూలు. నాకంటే మీకే బాగా తెలుసు. సుమి గారు ఇక..." ఆయన మాట మింగాడు. "ఆవిడ ఆఖరి గిటారు మీద ఆవిడ పేరు లేకుండా పోతుందండీ."

"నేను పెట్టానా రూలు?"

"మీరు అక్కయ్య గారు కదా."

"ఈ బల్ల దగ్గర నేనెవరి అక్కనీ కాను" అంది ఫుసాయె. మాట చాలా బాగా వచ్చిందనిపించింది. ముప్పై అయిదేళ్ళుగా ఎక్కడో సిద్ధంగా ఉన్న మాటలా వచ్చింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పింది. నొజావనా ఆకు ఊరగాయ, చల్లటి అన్నం, గుడ్డట్టు. రెండు ముద్దలకంటే దిగలేదు. ఆకలి లేకపోవడం కాదు, తొందర. డబ్బా మూసేసి, మఫ్లరు చుట్టుకుని సైకిలెక్కింది. ఆసుపత్రి పది నిమిషాల దూరం. రోజూ సాయంత్రం వెళ్ళేది. ఈరోజు సాయంత్రందాకా ఆగలేకపోయింది. ఎర్రచీటీ ఏప్రాన్ జేబులోనే ఉంది.

సుమి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పిడికిలంత అయిపోయింది. కాని అక్కను చూడగానే కళ్ళు మాత్రం పాత సుమివే.

"ఏంటే ఇప్పుడొచ్చావ్? ఫ్యాక్టరీ తగలబడిందా?"

"నీ గిటారు వచ్చింది బల్లమీదికి."

"ఓహో! ఎలా ఉంది నా పిల్ల? మొమొసె తాత వార్నిష్ మరీ దట్టంగా పూసేశాడా? ఆయన పూతకి ఏనుగు కూడా జలుబు చేసినట్టు పాడుతుంది."

"వార్నిష్ బాగానే ఉంది." ఫుసాయె కుర్చీ లాక్కుని కూర్చుంది. జేబులోంచి చీటీ తీసి దుప్పటి మీద పెట్టింది. "మూడో బద్ద లేచింది. ఎర్రచీటీ ఇచ్చాను."

సుమి చీటీని పట్టుకుని చూసింది, చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని. చూసి, ఫుసాయె ఎదురుచూసిన ఏ ముఖమూ పెట్టలేదు. మెల్లగా నవ్వింది.

"పట్టేశావే! నాకు తెలుసు. ఆ రోజు చెయ్యి వణికిందక్కా. బద్ద నొక్కిపట్టుకోవాల్సినంత సేపు పట్టుకోలేకపోయాను. జిగురు చల్లారిపోయింది. అతుక్కుందో లేదో నాకే తెలియలేదు."

"తెలియకపోతే ఎవరికైనా చెప్పొద్దూ? అలాగే ఇచ్చేస్తావా?"

"చివరి గదిలో నువ్వున్నావుగా."

ఫుసాయెకి ఒక్కసారిగా చెంపమీద కొట్టినట్టయింది. పట్టుకున్న ఆ ఒక్క తప్పు కూడా చెల్లెలు తన భరోసా మీద వదిలేసిందే. దొంగను పట్టుకున్నాననుకుంటే, తాళంచెవి చేతికిచ్చి వెళ్ళినట్టుంది.

"ఎప్పుడూ అంతేనే నువ్వు!" గొంతు పెద్దదయింది. పక్క మంచం ముసలామె ఇటు తిరిగింది. "ఎప్పుడూ అంతే. బిస్కట్టు నములుతూ కుడిది, ఎడమది అంటావ్. నేను రాత్రింబవళ్ళు కూర్చుని లెక్కపెట్టినా నాకు రాదు. నాకు ఆ గది కావాలే సుమీ. తెలుసా నీకు? నిన్ను తీసుకొచ్చింది నేను. ఆ గది నాది."

అనేసింది. ఇన్నేళ్ళూ దాచినదాన్ని, ఇంత చిక్కిపోయిన మనిషి ముందు అనేసింది. సుమి కిటికీకేసి తిరిగింది. కిటికీ అవతల కొండలు తెల్లగా ఉన్నాయి.

"తెలుసు" అంది చివరికి. "ఎందుకు తెలీదు? నీ తెల్లచీటీలు కూడా కొరికినట్టుండేవి."

"మరి ఒక్కసారైనా..."

"ఏమనాలి? ఇదిగో అక్కా, నా చెవులు తీసుకో, అనా?" సుమికి దగ్గు వచ్చింది. ఫుసాయె నీళ్ళ కప్పు అందించింది. రెండు గుక్కలు తాగి, ఊపిరి తీసుకుని, "నువ్వు చెయ్యి" అంది.

"ఏంటి?"

"ఆ బద్ద. కుర్రాళ్ళకి ఇవ్వకు. నీ చెయ్యి సన్నం, తోకదాకా అందుతుంది. నా గదిలో రెండో సొరుగులో తోలు జిగురు పలుకులుంటాయి. నీళ్ళలో నానబెట్టి, గిన్నెలో గిన్నె పెట్టి వేడిచెయ్యి. మరగనివ్వకు, చస్తుంది. అక్కడ వెనక పలక వంపు తిరుగుతుంది కాబట్టి ఏ ఆసరా పెట్టినా జారిపోతుంది. వేలితోనే పట్టుకోవాలి. పది నిమిషాలు. కదలకూడదు."

"ఇంకో చెయ్యి పడితే నీ పేరు తీసెయ్యాలి."

"తీసెయ్. నీది అంటించు." ఎంగిలి కప్పు అందించినంత తేలిగ్గా అనేసింది. "పోయేదాన్ని, నాకెందుకే చీటీ?"

ఫుసాయె లేచి, చీటీని మళ్ళీ జేబులో పెట్టుకుంది. మఫ్లరు ముడి రెండుసార్లు తప్పుగా వేసుకుంది. దేనికోసం తను బతుకంతా లోపల్లోపల ఉడికిపోయిందో, ఆ చీటీ చెల్లెలికి లెక్కే లేదు. దాంతో ఇంకా మండింది. గుమ్మం దాటుతుంటే సుమి వెనకనుంచి పిలిచింది.

"అక్కా. జిగురు గిన్నె ముట్టుకునే ముందు చేతులు వెచ్చబెట్టుకో. నీవి ఎప్పుడూ కప్పకాళ్ళలా ఉంటాయ్."

"నోర్మూసుకుని పడుకో."

ముందు గది అయిదు నెలలుగా తాళం వేసి ఉంది. జిగురు పలుకులు రెండో సొరుగులోనే ఉన్నాయి. ఫుసాయె సుమి స్టూలు మీద కూర్చోకుండా నిలబడే వాటిని నానబెట్టింది, కరిగించింది. పాత తోలు, వాన కలిసిన వాసన లేచింది. ఈ వాసనే చెల్లెలి జుట్టులో ఉండేది. అన్నం తింటున్నప్పుడు కూడా ఉండేది. ఒకప్పుడు ఇది కూడా తనకు దక్కలేదే అనుకునేది.

తీగలు పూర్తిగా విప్పేసింది. చేతులు వేడినీళ్ళలో ముంచి తుడుచుకుంది. పలచటి చాకు కొసన జిగురు తీసుకుని, చెయ్యి లోపలికి దూర్చి, చూడకుండానే, మూడో బద్ద కొస కింద పట్టించింది. రెండోసారి, మూడోసారి. తడిగుడ్డతో చుట్టూ కారింది తీసింది. తర్వాత నాలుగు వేళ్ళు బద్ద కింద ఆనించి పైకి నెట్టింది. ఎడమ అరచెయ్యి పైనుంచి పలకమీద పెట్టి నొక్కింది. గోడ గడియారంలో మూడూ పది.

లోపల చీకటి. వేలి కొసలకి పలక తెలుస్తోంది. ఎంత పలచన! బయటినుంచి ముప్పై అయిదేళ్ళు చూసింది గాని, లోపలినుంచి ఇలా ఎన్నడూ ముట్టుకోలేదు. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా, సుమి ఎక్కడ తీసిందో, ఎక్కడ ఉంచిందో, ఉలి ఎక్కడ తటపటాయించిందో అంతా వేలికి తగులుతోంది. ఇది తను చెయ్యగలిగేది కాదని ఫుసాయెకి మొదటిసారి అనుమానం లేకుండా తెలిసింది. పాత డైరెక్టరు అన్యాయం చెయ్యలేదు. ఆ తెలివి ఏమాత్రం ఓదార్పుగా లేదు. అన్యాయం జరిగిందని ఉండడమే ఇంతకాలం కొంచెం నయంగా ఉండేది.

ఆఫీసు గదిలో ఫోను మోగింది. రెండుసార్లు మోగి ఆగింది.

కాసేపటికి కామిజో గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. చెప్పులు జత కలవలేదు. ఒక కాలికి గోధుమరంగుది, ఒక కాలికి ఆకుపచ్చది.

"ఫుసాయె గారూ... ఆసుపత్రినుంచి..."

"గడియారం చూడండి" అంది ఫుసాయె. "నా చెయ్యి లోపలుంది, తిరగలేను. ఎంతైంది?"

"మూడూ పదహారు. నర్సు ఫోను చేసింది, సుమి గారు నిద్రలోనే..."

"ఇంకో నాలుగు నిమిషాలు."

ఫుసాయె కళ్ళు పలకమీదే ఉన్నాయి. వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. పళ్ళ బిగువున ఆపింది. బద్ద కింద జిగురు మెల్లగా గట్టిపడుతుండడం తెలుస్తోంది. ఇప్పుడు వదిలితే పోతుంది. వదలలేదు. కామిజో తలుపుకి ఆనుకుని, తల వంచుకుని, నిమిషాలు పైకి చెప్పసాగాడు. "పదిహేడు... పద్దెనిమిది..." ఆ గదిలో ఇంకే చప్పుడూ లేదు. "ఇరవై" అన్నాక కూడా ఆమె ఇంకొంచెంసేపు అలాగే పట్టుకుంది.

చెయ్యి బయటికి తీసింది. ముంజేతిమీద రంధ్రం అంచు ఎర్రగా అచ్చుపడింది. వేలి కణుపుతో పలకను తట్టింది. చెవి ఆనించి విన్నది. చీమ లేదు.

అద్దంలో, లోపల వెనక పలకమీద, సుమి పేరు చీటీ కనిపిస్తోంది. గీకడానికి చాకు పక్కనే ఉంది. ఫుసాయె చాకు తుడిచి సొరుగులో పెట్టేసింది. తన గదికి నడిచి, జేబులోంచి ఎర్రచీటీ తీసి నాలుగు ముక్కలు చేసింది. తెల్లచీటీ తీసుకుని నెంబరు, తేదీ వేసి, "లోపం లేదు" అని రాసి ముద్ర కొట్టింది. ఆమె చేత్తో రాసిన మొదటి అబద్ధం అది. వెనకే వచ్చిన కామిజో చూశాడు. చూసి, "కారు తెస్తాను" అని మాత్రం అన్నాడు.

కారులో దారిపొడుగునా ఏడుపు రాలేదు. వచ్చిందల్లా ఒక ఆలోచన. వద్దన్నా వచ్చింది. ఆరేళ్ళు పెద్దది తను. నడక, మాట, బడి, ఉద్యోగం అన్నీ తనే ముందు మొదలుపెట్టింది, అన్నిట్లోనూ సుమి దాటుకుని పోయింది. ఇందులో కూడా. ఛీ అనుకుంది. కిటికీ అద్దానికి నుదురు ఆనించి, ఛీ అని పైకే అంది. కామిజో తల తిప్పలేదు. ఆ ఆలోచన మాత్రం వెనక సీట్లో మూడో మనిషిలా ఆసుపత్రిదాకా వచ్చింది.

మంచం చుట్టూ తెర లాగి ఉంది. సుమి ముఖం నున్నగా, కొంచెం విసుగ్గా, అమ్మ తిట్టాక కొటాత్సులో నిద్రపోయిన పిల్లలా ఉంది. ఫుసాయె చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుంది. ఆ తర్వాతే చెల్లెలి చేతిమీద వేసింది. అప్పుడు వచ్చింది ఏడుపు. చప్పుడు లేకుండా, చాలాసేపు.

కొంతసేపటికి నర్సు వచ్చి, సొరుగులో ఉన్నవి ఒక్కొక్కటే పక్క బల్లమీద పెట్టింది. తువ్వాలు, దువ్వెన, తినని బిస్కట్టు పొట్లం. చివరగా ఒక కళ్ళజోడు.

"ఇది మాది కాదండీ" అంది ఫుసాయె. "మా చెల్లెలికి కళ్ళజోడు లేదు."

"ఆవిడదేనండీ. ఏదైనా చదవాలంటే పెట్టుకునేవారు. ఎవరైనా వస్తున్నారంటే గబుక్కున సొరుగులో పెట్టేసేవారు. వచ్చినప్పటినుంచీ ఉంది. రెండు మూడేళ్ళుగా చూపు ఆనడం లేదని అనేవారు."

మధ్యాహ్నం చెల్లెలు చీటీని దూరంగా పెట్టుకుని చూడడం ఫుసాయెకి గుర్తొచ్చింది; తప్పులు పట్టే తన కన్ను దాన్ని పట్టలేదు. నర్సు తెర సర్ది వెళ్ళిపోయింది.

చవక దుకాణాల్లో బుట్టలో పోసి అమ్మే రకం. ఎర్ర ప్లాస్టిక్ ఫ్రేము, ఒక కొమ్ముకి విరిగినచోట దారం చుట్టి ఉంది, ఎడమ అద్దం మీద మసకగా ఒక బొటనవేలి గుర్తు.